మోకాలి కీలు మార్పిడి: డాక్టరుగారిని ఏమి అడగాలి?

అమ్మకో నాయనమ్మకో మోకాళ్లు అరిగి నాలుగు మెట్లు ఎక్కలేని స్థితి వచ్చినప్పుడు, ఇంట్లోవారు అడిగే మొదటి ప్రశ్న "మంచి డాక్టరు ఎవరు?" అని. బంధువులు తలా ఒక పేరు చెబుతారు. పేపరులోని ప్రకటన ఇంకో పేరు చెబుతుంది. పేరు విన్నంత మాత్రాన సరిపోదు. కొన్ని సంగతులు ఆ డాక్టరుగారినే అడిగి తెలుసుకోవాలి.

దీనిని అందరూ 'చిప్పల మార్పిడి' అంటారు గాని, ముఖ్యంగా మార్చేది చిప్పను కాదు. తొడ ఎముక కింది కొసను, కాలి ఎముక పై కొసను అరిగిన మేరకు కోసి, లోహపు తొడుగులు బిగించి, మధ్యన గట్టి ప్లాస్టిక్ పలకను అమరుస్తారు. కోసే కోణంలో తేడా వస్తే కాలు వంకరగా నిలుస్తుంది, కీలు త్వరగా వదులవుతుంది. అందుకే చేయి తిరిగినవారు కావాలి.

ఎముకల డాక్టర్లందరూ ఈ ఆపరేషన్ తరచుగా చేయరు. కొందరి పని ఎక్కువగా విరిగిన ఎముకలతో, మరికొందరిది వెన్నెముకతో. కనుక "ఏడాదికి ఎన్ని మోకాళ్లు మారుస్తారండీ?" అని మర్యాదగానే అడగండి. తరచుగా చేసేవారి చేతిలో ఇబ్బందులు తక్కువని పరిశోధనల్లో తేలింది. వేలల్లో చేశామని చెప్పుకొనే చోట మరో ప్రశ్న అడగాలి: ఆపరేషన్ చేసేది ఆయనేనా, ఆయన సహాయకులా?

మన జిల్లా పట్టణాల్లో ఇంకొక సంగతి ఉంది. పెద్ద నగరం నుండి డాక్టరు ఆదివారం వచ్చి, ఆపరేషన్లు చేసి, సాయంత్రానికి వెళ్లిపోతారు. అది తప్పు కాదు. చాలామందికి మేలే జరిగింది. కాని మూడవ రాత్రి కుట్ల దగ్గర చీము కారితే, పిక్క వాచి నొప్పి పెడితే చూసేదెవరు? పిక్క వాపు రక్తం గడ్డకట్టడం వల్ల కావచ్చు, అది ప్రాణం మీదికి తేగలదు. కీలులోకి చీము చేరితే లోహాన్నే తీసివేయవలసి రావచ్చు. కాబట్టి అక్కడే ఉండే డాక్టరు పేరు, రాత్రివేళ చేయవలసిన ఫోను నంబరు ముందే రాయించుకోండి. వ్యాయామాలు చేయించే ఫిజియోథెరపిస్టు ఉన్నారో లేదో కూడా కనుక్కోండి.

నిలబెట్టి ఎక్స్‌రే తీయకుండా, మందులూ వ్యాయామమూ వాడి చూశారా అని అడగకుండా, మొదటి రోజే తేదీ ఇచ్చేవారి దగ్గర తొందరపడకండి. షుగరు అదుపులోకి వచ్చాకే, పుచ్చిన పన్ను సంగతి చూసుకున్నాకే చేస్తానని వాయిదా వేసే డాక్టరు మీద విసుక్కోకండి. ఆ వాయిదా మీ మంచికే.

ఫలితం గురించి నిజం చెప్పేవారిని నమ్మండి. 2019లో వెలువడిన ఒక పెద్ద పరిశీలనలో 100 కీళ్లలో సుమారు 82, 25 ఏళ్లు నిలిచాయి. అయినా ఈ ఆపరేషన్ చేయించుకున్న ఐదుగురిలో సుమారు ఒకరికి పూర్తి తృప్తి ఉండదు. గొంతుకూర్చోవడం, బాసిపట్లు వేసుకోవడం, మోకాళ్లూని ప్రార్థించడం చాలామందికి మునుపటిలా కుదరవు. ఇవి ముందే చెప్పని చోట ఆపరేషన్ బాగానే జరిగినా ఇంట్లో నిరాశ మిగులుతుంది. రోబో ఉన్నదా లేదా అన్నది తరువాతి మాట. అది పనిముట్టు మాత్రమే.

ఖర్చు విషయంలో ప్యాకేజీలో ఏమి కలిసిందో రాయించుకోండి. 2017 ఆగస్టులో కేంద్రప్రభుత్వ సంస్థ మోకాలి కీళ్ల ధరలకు హద్దు పెట్టినప్పుడు, మామూలు కోబాల్ట్ క్రోమియం కీలుకు పన్ను కాక 54,720 రూపాయలుగా నిర్ణయించింది. బిల్లులో కీలు కంపెనీ పేరు, ధర విడిగా చూపమనండి. కీలు పెట్టెపై ఉండే స్టిక్కర్ల నకలు కూడా అడిగి తీసుకుని, ఎక్స్‌రేలతో పాటు దాచండి. ఎప్పుడైనా ఆ కీలు మళ్లీ మార్చవలసి వస్తే, లోపల ఉన్నది ఏ కంపెనీది, ఏ సైజు అని అప్పటి డాక్టరుగారు మొదట అడిగేది వాటినే.