చేపల తొట్టికి కరెంటు ఎంత?

గాజు తొట్టిలో రంగు చేపలు తిరుగుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. పిల్లలు కావాలని మారాం చేస్తారు. తొట్టి ధర కొట్లో చెబుతారు. మరి నెలనెలా ఎంత కరెంటు కాలుతుంది? అది మనమే లెక్క వేసుకోవచ్చు.

కరెంటు వస్తువు మీద ఒక అంకె, పక్కన 'డబ్ల్యూ' అనే ఇంగ్లీషు అక్షరం ఉంటాయి. అవి వాట్లు. వాట్లను రోజుకు వాడే గంటలతో గుణించండి. వచ్చినదాన్ని 1000తో భాగించండి. అవే యూనిట్లు.

ఒక చిన్న తొట్టి లెక్క చూద్దాం.

గాలి పంపు: 5 వాట్లు × 24 గంటలు = 120
ఫిల్టరు: 10 వాట్లు × 24 గంటలు = 240
లైటు: 10 వాట్లు × 8 గంటలు = 80
రోజుకు మొత్తం: 440

30 రోజులకు 13,200. దాన్ని 1000తో భాగిస్తే 13 యూనిట్ల పైచిలుకు. యూనిట్ 5 రూపాయలు అనుకుంటే నెలకు 66 రూపాయలు.

మూడూ కలిపి 25 వాట్లే. మామూలు ఫ్యాను కన్నా తక్కువ. కానీ పంపు, ఫిల్టరు రాత్రీపగలూ ఆగవు. బిల్లు పెరిగేది అందుకే.

నీళ్ళు వేడిచేసే హీటరు పెడితే? 100 వాట్ల హీటరు రోజుకు 8 గంటలు పనిచేస్తే నెలకు 24 యూనిట్లు! గోల్డ్‌ఫిష్ చల్లని నీళ్ళలోనూ బతుకుతుంది. దానికి హీటరు అక్కర్లేదు.

ఈ 13 యూనిట్లు ఒక లెక్కా అనుకోకండి. తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకం కింద అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు లేదు. 200 దాటితే మొత్తం బిల్లు కట్టాలి. మీ ఇంట్లో 190 యూనిట్లు కాలుతున్నాయనుకోండి. తొట్టి పెడితే 203 అవుతాయి!

మరి పొదుపు ఎక్కడ చేయాలి? గాలి పంపు ఆపేయకండి. గాలి చాలక చేపలు చచ్చిపోవచ్చు. లైటు గంటలు తగ్గించండి. చేపలకూ చీకటి కావాలి.

ఇంకో మాట. నీళ్ళకూ కరెంటుకూ పడదు. తొట్టిలో చెయ్యి పెట్టేముందు ప్లగ్గులన్నీ తీసేయండి. వైరు ప్లగ్గు కన్నా కిందికి వేలాడి, మళ్ళీ పైకి వచ్చేలా ఉంచండి. వైరు వెంట జారిన నీళ్ళు ప్లగ్గులోకి పోకుండా కిందనే రాలిపోతాయి.

ఇప్పుడు మీ కరెంటు బిల్లు తీయండి. పోయిన నెల ఎన్ని యూనిట్లు కాలాయి? దానికి 13 కలపండి. ఎంత వచ్చింది? తొట్టి కొనాలో వద్దో ఆ తర్వాత ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి.