అసలు మోగుతోంది, నకలు మూగబోయింది

1970లో అమెరికాలో తయారైన మినీమోగ్ సింథసైజర్ ఒకటి ఇవాళ పాత సామాన్ల మధ్య దొరికిందనుకోండి. చెడిన కెపాసిటర్లు మార్చి, తుప్పు తుడిచి, శ్రుతి సరిచేస్తే అది మళ్లీ పలుకుతుంది. అదే మినీమోగ్‌ను అనుకరిస్తూ 2000ల తొలి ఏళ్లలో మ్యాక్ కంప్యూటర్ల కోసం రాసిన సాఫ్ట్‌వేర్‌ను మాత్రం, నాటి రూపంలోనే నేటి మ్యాక్‌లో పెడితే తెరుచుకోదు. అరిగిపోవడానికి ఏమీ లేని నకలు అసలు కంటే ముందే మూగబోయిందన్నమాట. సాఫ్ట్‌వేర్ సింథసైజర్‌ను ఒకసారి రాసి అమ్మేసే సరుకుగా చూసినంత కాలం ఇదే జరుగుతుంది. అది వాద్యం. వాద్యానికి మరమ్మతు ఎప్పటికీ ఉంటుంది కాబట్టి, ఆ మరమ్మతుకు దారి తెరిచి ఉంచడం తయారీదారు బాధ్యతలో భాగం కావాలి.

సింథసైజర్ అంటే తీగ, తోలు, గాలి అవసరం లేకుండా విద్యుత్తుతో నాదం పుట్టించే యంత్రం. మినీమోగ్‌లో మూడు ఆసిలేటర్లు తరంగాలను పుట్టిస్తే, ట్రాన్సిస్టర్లను నిచ్చెన మెట్లలా పేర్చిన ఫిల్టర్ వాటిలోని కరుకుదనాన్ని కోసి నాదాన్ని మెత్తబరుస్తుంది. 1983లో యమహా తెచ్చిన డీఎక్స్7 దారి వేరు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ కనిపెట్టిన ఎఫ్‌ఎం పద్ధతిలో ఒక తరంగం మరో తరంగాన్ని వేగంగా కుదుపుతుంది. గంటలను, ఎలక్ట్రిక్ పియానోను తలపించే మెరుపు అందులోంచి వస్తుంది. సాఫ్ట్‌వేర్ నకలు చేసే పని ఈ యంత్రాల ప్రవర్తనను లెక్కల్లోకి దించడం. ఒక్కో క్షణంలో అసలు యంత్రం ఏ ధ్వని ఇచ్చి ఉండేదో సాధారణంగా సెకనుకు 44,100 సార్లు గణిస్తుంది. ఇందులో యంత్రం లోపాలను కూడా లెక్కించాలి, ఎందుకంటే చాలాసార్లు లోపమే దాని గొంతు. రోలాండ్ సంస్థ టీబీ-303 అనే సింథసైజర్‌ను బాస్ గిటార్‌కు బదులుగా తయారుచేశారు. అది గిటార్‌లా పలకలేదు, 1984కే తయారీ ఆగిపోయింది. ఈలోగా 1982లో ముంబయి సినీ వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ దాన్ని, అదే సంస్థవారి జూపిటర్-8, టీఆర్-808లతో కలిపి, పది రాగాలను డిస్కో తాళం మీద వాయించి రికార్డు చేశారు. గిటార్‌గా ఓడిపోయిన ఆ గొంతుకే తర్వాత ప్రపంచమంతా డ్యాన్స్ సంగీతంలో గిరాకీ వచ్చింది.

మరి లెక్కల్లో భద్రంగా ఉన్న గొంతు ఎందుకు పోతుంది? ఆ లెక్కలు నిలబడే నేల కదులుతుంది కాబట్టి. మ్యాక్‌లు తయారుచేసే యాపిల్ 2006లో పవర్‌పీసీ చిప్‌లను వదిలి ఇంటెల్‌కు మారింది. పాత ప్రోగ్రాములను అప్పటిదాకా నడిపించిన అనువాద సాధనం రోసెట్టాను 2011లో తీసేసింది. 2019లో క్యాటలినా అనే మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చి, పాత తరం 32 బిట్ ప్రోగ్రాములన్నిటినీ ఆపేసింది. 2020లో కంపెనీ సొంత చిప్‌లకు మారి, ఇంటెల్ ప్రోగ్రాముల కోసం రెండో రోసెట్టాను ఇచ్చింది. దానికీ గడువు దగ్గరపడిందని 2025లో ప్రకటించింది. ఇరవై ఏళ్లలో నేల ఇన్నిసార్లు కదిలింది. విండోస్ పాత 32 బిట్ ప్రోగ్రాములను ఇంకా నడుపుతుంది కదా అనవచ్చు. నిజమే, కానీ ఈ సింథ్‌లు ఎక్కువగా ఒంటరిగా నడవవు. పాటను కూర్చే పెద్ద సాఫ్ట్‌వేర్‌లో ప్లగిన్‌గా ఇమిడి పనిచేస్తాయి. ఆ పెద్దది 64 బిట్‌కు మారితే 32 బిట్ ప్లగిన్‌ను అది నేరుగా ఎక్కించుకోలేదు.

కొత్త సిస్టమ్‌కు తగ్గట్టు మళ్లీ కంపైల్ చేస్తే సరిపోతుందనేది చాలామంది ఊహ. కష్టం అక్కడే మొదలవుతుంది. వేగం కోసం ఇంటెల్ చిప్‌కు ప్రత్యేకంగా రాసిన ఆదేశాలు యాపిల్ చిప్‌లో ఉండవు, వాటిని తిరగరాయాలి. దశాంశాలను గుండ్రం చేసే తీరు కూడా మారవచ్చు. మామూలు ప్రోగ్రాములో ఆ తేడా ఎవరికీ పట్టదు. సింథ్ ఫిల్టర్‌లో మాత్రం బయటికొచ్చిన ధ్వని మళ్లీ లోపలికే వెళుతుంది కాబట్టి, రవ్వంత తేడా చుట్టు తిరిగిన కొద్దీ పెరగవచ్చు. దీన్ని పట్టుకోవడానికి ఒక చక్కని పరీక్ష ఉంది. పాత, కొత్త రూపాల్లో ఒకే స్వరం రికార్డు చేసి, ఒకదాని తరంగాన్ని తలకిందులు చేసి రెండూ కలుపుతారు. నిశ్శబ్దం వస్తే రెండూ ఒకటే, ఏదైనా వినిపిస్తే అదే తేడా. అయితే పాత యంత్రాల్లా శ్రుతి కాస్త అటూఇటూ ఊగేలా కావాలనే యాదృచ్ఛికంగా రాసిన చోట ఈ పరీక్ష నేరుగా పనిచేయదు. అక్కడ చెవిని నమ్ముకోవాల్సిందే.

ఇంత శ్రమ ఎందుకు, పాత కంప్యూటర్‌నే ఉంచుకోవచ్చు కదా అంటారు. కొంతకాలం ఉంచుకోవచ్చు. డిస్కు పోయి మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సి వస్తే, లైసెన్సును ఆన్‌లైన్‌లో ఖరారు చేసే కంపెనీ సర్వర్ అప్పటికి ఉండాలి. ధ్వనిని రికార్డు చేసి దాచుకోవచ్చు కదా అనేది ఇంకో మాట. రికార్డులో దాగేది ఒకసారి వాయించిన వాయింపు మాత్రమే. ఆ పాటలోనే ఒక స్వరం మార్చాలంటే వాద్యం చేతిలో ఉండాలి.

గట్టి అభ్యంతరం డబ్బుది. ఈ సింథ్‌లు రాసేవారిలో చాలామంది ఒకరిద్దరే ఉన్న చిన్న సంస్థలవారు. ఎప్పుడో ఒకసారి డబ్బు తీసుకుని జీవితాంతం ఉచితంగా మరమ్మతు చేయమనడం అన్యాయం. అప్‌గ్రేడ్‌కు ధర పెట్టడం తప్పు కాదు. ఇక ముందుకు తీసుకెళ్లే ఓపిక లేనప్పుడు కూడా ఒక దారి ఉంది. వెంబర్ ఆడియో పేరుతో అమ్ముడైన సర్జ్ అనే సింథ్ కోడ్‌ను దాని రచయిత 2018లో అందరికీ తెరిచి ఇచ్చారు. ఔత్సాహికులు దాన్ని సర్జ్ ఎక్స్‌టీగా పెంచారు; ఇప్పుడది మ్యాక్, విండోస్, లినక్స్ మూడింటిలోనూ ఉచితంగా పలుకుతోంది.

కోడ్‌లో ఇతరుల హక్కులు చిక్కుకుని తెరవడం కుదరని సందర్భాలూ ఉంటాయి. అప్పుడు కనీసం ధ్వని అమరికలను ఏ పద్ధతిలో భద్రపరుస్తున్నారో రాసి బయటపెట్టవచ్చు. డీఎక్స్7 అమరికల పద్ధతిని యమహా ఆ రోజుల్లోనే కాగితం మీద వివరించింది. ఫలితంగా 1980లలో ఎవరో ఓపికగా మలిచిన ధ్వనులను డెక్స్‌డ్ అనే ఉచిత ప్లగిన్ నేటికీ చదవగలుగుతోంది. వీణనే చూడండి, దాని మెట్లు మైనంలో నిలుస్తాయి. మైనం మెత్తబడి మెట్టు జారితే మళ్లీ నిలబెట్టించుకుంటారు గానీ, వీణ పాతబడిందని పారేయరు. ఎందుకంటే ఆ పని తెలిసినవాడికి వీణను విప్పడానికి అడ్డేమీ లేదు. సాఫ్ట్‌వేర్ వాద్యానికి లోటల్లా ఆ విప్పే వీలు ఒక్కటే.