ఫారం ఆధారిత కేసు నిర్వహణ నమూనాలు

ఫారం ఆధారిత కేసు నిర్వహణ అనగా ఒక వ్యక్తి దరఖాస్తు పెట్టుకున్నది మొదలు దానిపై తుది ఉత్తర్వు వెలువడే వరకు జరిగే పని అంతటినీ ఒకే "కేసు"గా భావించి, కావలసిన సమాచారాన్ని ఫారాల ద్వారా సేకరిస్తూ నడిపే పద్ధతి. ఆసుపత్రిలో రోగి వివరపత్రం, బీమా పరిహారం కొరకు చేసిన దరఖాస్తు, తహసీల్దారు కార్యాలయంలో పట్టా మార్పిడి ఈ కోవకు చెందినవే. ఏ రెండు కేసులూ సరిగ్గా ఒకే దారిన నడవవు. కనుక వ్యవస్థ ఎక్కడ వంగవచ్చునో, ఎక్కడ వంగరాదో నిర్ణయించే సిద్ధాంత నమూనాలు కంప్యూటరు శాస్త్రంలో రూపొందాయి. ఈ వ్యాసంలో ఆ నమూనాలు తెలంగాణ భూమి రికార్డుల ఆధారంగా, ముఖ్యంగా పూర్వపు నల్గొండ, మహబూబ్ నగర్ జిల్లాల రైతులకు బాగా తెలిసిన సాదాబైనామా ఉదాహరణతో వివరించబడినవి.

కాగితపు ఫైలు

కంప్యూటర్లకు ముందు కేసు అంటే ఫైలే. ప్రభుత్వ కార్యాలయపు ఫైలులో రెండు భాగాలు ఉంటాయి. వచ్చిన దరఖాస్తులు, నివేదికలు, పంచనామాలు కరెంట్ ఫైలులో చేరతాయి. వాటిపై గుమాస్తా మొదలుకొని పై అధికారి వరకు వ్రాసే అభిప్రాయాలు నోట్ ఫైలులో ఉంటాయి. ఫారంలో గడి లేని విషయాన్ని కూడా నోట్ ఫైలులో వ్రాయవచ్చును. ఫైలు చేతికి వచ్చిన అధికారి తన ముందున్న కాగితాన్నే కాక, వెనుక పేజీలన్నీ తిరగవేసి చూడవచ్చును. ఈ రెండు సౌకర్యాల విలువ వాటిని కోల్పోయిన తరువాతనే అందరికీ తెలిసివచ్చింది.

తెలంగాణలో భూమికి సంబంధించిన ప్రధాన ఫారం పహాణీ. 1954-55 నాటి ఖాస్రా పహాణీ నేటికీ మూల రికార్డుగా పరిగణింపబడుతున్నది. పహాణీలో సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరుతో పాటు అనుభవదారు పేరుకు ప్రత్యేకమైన గడి ఉండేది. పట్టా ఒకరి పేరున ఉండి భూమి మరొకరి సాగులో ఉండడం సర్వసాధారణమైన ఈ ప్రాంతంలో, ఆ ఒక్క గడి ఎన్నో కుటుంబాల హక్కుకు ఆధారంగా నిలిచింది.

ఒక ఉదాహరణ

ఒక రైతు తండ్రి 1990వ దశకంలో 2 ఎకరాల 10 గుంటలు కొన్నాడనుకొందాము. రిజిస్ట్రేషను చేయించలేదు. తెల్లకాగితంపై వ్రాసుకొని, సాక్షుల సంతకాలు తీసుకున్నారు. దీనినే సాదాబైనామా అంటారు. ఇప్పుడు కొన్నవారు, అమ్మినవారు ఇద్దరూ గతించారు. అమ్మినవారి కుమారులలో ఒకరు హైదరాబాదులోను, మరొకరు భివండీలోను ఉన్నారు. భూమి మాత్రం ముప్పది ఏళ్లుగా కొన్నవారి సాగులోనే ఉన్నది. 1971 నాటి రికార్డ్ ఆఫ్ రైట్స్ చట్టంలోని 5-ఎ సెక్షను ఇటువంటి కొనుగోళ్లను క్రమబద్ధం చేయడానికి ఏర్పడినదే. ఆ చట్టం క్రింద ఫారం-10లో దరఖాస్తు చేస్తే, విచారణ అనంతరం తహసీల్దారు 13-బి ధ్రువపత్రం ఇచ్చేవారు.

దారిని ముందే గీసే నమూనా

మొదటి తరం వ్యవస్థలు పనిని ఒక వరుసగా చూశాయి. దరఖాస్తు, నోటీసు, విచారణ, ఉత్తర్వు అనే క్రమం ముందే గీయబడి ఉంటుంది. ఒక మెట్టు పూర్తి కానిదే తరువాతి మెట్టు తెరుచుకోదు. 1962లో జర్మనీకి చెందిన కార్ల్ ఆడమ్ పెట్రీ ప్రతిపాదించిన పెట్రీ జాలాలు ఈ నమూనాకు గణితపరమైన పునాదిగా ఉపయోగపడినవి. ఒకే విధంగా జరిగే పనులకు, ఉదాహరణకు కరెంటు బిల్లు వసూలుకు, ఇది చక్కగా సరిపోతుంది. మన ఉదాహరణలో భివండీ వెళ్లిన కుమారునికి నోటీసు అందకపోతే కేసు అక్కడే ఆగుతుంది. ఈలోగా గ్రామంలో సాక్షుల వాంగ్మూలం తీసుకోవచ్చును గదా అని అధికారికి తోచినా వ్యవస్థ అనుమతించదు.

ఈ నమూనాలో మరొక లోపం కూడా కలదు. ఉద్యోగి తన వంతు పనికి కావలసిన వివరాలను మాత్రమే తెరపై చూడగలడు. మిగిలిన కేసు కనబడదు. గొట్టంలో నుండి ఊరిని చూసినట్లుంటుంది. పరిశోధకులు దీనిని ఈ పద్ధతి ప్రధాన దోషాలలో ఒకటిగా పేర్కొన్నారు.

కేసును కేంద్రంగా తీసుకునే నమూనా

2005లో విల్ వాన్ డెర్ ఆల్స్ట్, మథియాస్ వెస్కె, డాల్ఫ్ గ్రూన్‌బౌవర్ ప్రచురించిన వ్యాసం దీనికి ప్రత్యామ్నాయం చూపింది. ఇందులో కేసును ముందుకు నడిపేది పనుల వరుస కాదు, ఫారాలలో చేరిన సమాచారం. ఒక మెట్టుకు కావలసిన గడులు ఏ విధంగా నిండినా ఆ మెట్టు పూర్తయినట్లే. విచారణకు వెళ్లిన అధికారి అక్కడే వారసుల వివరాలు కూడా నింపివస్తే, వాటికై మరొక మెట్టు అక్కరలేదు. కేసును చూసే అర్హత ఉన్నవారు మొత్తం కేసును చూడగలరు. ఒక విధంగా ఇది పాత ఫైలును తిరిగి తెచ్చుకోవడమే.

ఈ నమూనాలో ప్రతి పనికీ మూడు అధికారాలు విడివిడిగా ఉంటాయి: చేయడం, తిరిగి చేయడం, దాటవేయడం. విచారణ చేసే అధికారం ఒకరికి ఉండవచ్చును, దానిని రద్దుపరచి మళ్లీ చేయించే అధికారం పై అధికారికి ఉండవచ్చును, అక్కరలేదని దాటవేసే అధికారం ఇంకొకరికి ఉండవచ్చును. సరళత్వం అంటే అందరూ అన్నీ చేయడం కాదని ఈ విభజన స్పష్టం చేస్తున్నది.

ఇతర నమూనాలు

2003లో ఐబీఎం సంస్థకు చెందిన అనిల్ నిగమ్, నేథన్ కాస్వెల్ పత్రాన్నే ప్రాణమున్న వస్తువుగా భావించి, పుట్టినది మొదలు ముగిసే వరకు దాని దశలను వర్ణించారు. నిబంధనల నమూనా మరొకటి. ఇందులో దారి గీయరు. చేయకూడనివి మాత్రమే చెబుతారు. "నోటీసు ఇవ్వకుండా ఉత్తర్వు ఇవ్వరాదు" అన్నది అటువంటి నిబంధన. దానిని మీరనంత వరకు పనులను ఏ క్రమంలోనైనా చేయవచ్చును. మన చట్టాలు చాలావరకు ఈ ధోరణిలోనే వ్రాయబడి ఉండడం గమనింపదగినది. 2014లో ఆబ్జెక్ట్ మేనేజ్‌మెంట్ గ్రూపు కేసు నిర్వహణ కొరకు సి.ఎం.ఎం.ఎన్. అనే ప్రామాణిక చిత్రలిపిని విడుదల చేసింది.

ధరణి అనుభవం

2020 అక్టోబరు 29న ప్రారంభమైన ధరణి పోర్టల్, అదే సంవత్సరపు పట్టాదారు పాసుపుస్తకాల చట్టం ఈ సిద్ధాంత చర్చను ప్రతి గ్రామానికీ తెచ్చాయి. క్రింది స్థాయి అధికారుల విచక్షణ అవినీతికి తావిస్తున్నదన్నది ప్రభుత్వ వాదన. అది నిరాధారమైన వాదన కాదు. తహసీల్దార్ల విచారణాధికారం తొలగించబడింది, గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థ రద్దయింది. అమ్మకం, కొనుగోలు, విరాసత్ వంటి సూటియైన వ్యవహారాలు ఒకే కార్యాలయంలో త్వరగా జరిగాయి. చిక్కు ఉన్న కేసులే నిలిచిపోయినవి. పోర్టల్‌లో మాడ్యూల్ లేని సమస్యకు దరఖాస్తు చేసే మార్గమే లేకపోయింది. అనుభవదారు గడి తీసివేయబడినందున, సాగులో ఉన్నానని చెప్పుకునే చోటు రైతుకు లేకుండాపోయింది. పాసుపుస్తకంలో దిద్దుబాట్లకై టి.ఎం.33 వంటి మాడ్యూళ్లు ఒక్కొక్కటిగా చేర్చవలసి వచ్చింది. అధికారం జిల్లా కలెక్టరు వద్దనే కేంద్రీకృతమైనందున దరఖాస్తులు పేరుకుపోగా, 2024లో అదనపు కలెక్టర్లకు, ఆర్డీవోలకు, తహసీల్దార్లకు కొంత అధికారం బదలాయించబడింది.

సాదాబైనామాల స్థితి మరింత జటిలమైనది. 2020లో 9 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అయితే కొత్త చట్టంలో 5-ఎ వంటి సెక్షను లేదు. ఫారం ఉన్నది, దరఖాస్తుదారుడు ఉన్నాడు, ఉత్తర్వు ఇచ్చే అధికారం మాత్రం ఎవరికీ లేదు. వ్యవహారం హైకోర్టుకు చేరి ఆగిపోయింది. ఏ నమూనాను అనుసరించిన సాఫ్ట్‌వేరైనా ఈ లోటును పూరించజాలదు.

2025 ఏప్రిల్ 14న అమలులోకి వచ్చిన భూభారతి చట్టం అప్పీలు వ్యవస్థను పునరుద్ధరించింది. ప్రయోగాత్మకంగా ఎంపికైన నాలుగు మండలాలలో పూర్వపు మహబూబ్ నగర్ జిల్లాకు చెందిన మద్దూరు (నేటి నారాయణపేట జిల్లా) ఒకటి. ఈ చట్టంలోని 6వ సెక్షను ప్రకారం 2014 జూన్ 2కు ముందు సాదాబైనామాపై కొని, పన్నెండేళ్లుగా అనుభవంలో ఉండి, 2020 అక్టోబరు 12 - నవంబరు 10 మధ్య దరఖాస్తు చేసిన చిన్న, సన్నకారు రైతుల కేసులను ఆర్డీవో విచారిస్తారు. 2025 ఆగస్టులో హైకోర్టు స్టే తొలగింది. మన ఉదాహరణలోని రైతు ఆ ముప్పది దినాలలో దరఖాస్తు చేసి ఉంటే అతని కేసు విచారణకు వస్తుంది. చేయనట్లయితే, ముప్పది ఏళ్ల సాగు ఉన్నప్పటికీ, ఈ సెక్షను అతనికి వర్తించదు.