మారికుప్పం: ఒక పేరు, కంప్యూటరు లెక్క

బంగారుపేటనుండి కోలారు బంగారు గనులకు వచ్చు రైలుమార్గము మారికుప్పమున ముగియును. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన పిదప ఈ ప్రాంతమువారు పెక్కురు ఆ రైలుననే ప్రతిదినము బెంగళూరునకు పనులకై పోవుచున్నారు. ఆ నగరమున ప్రోగ్రాములు వ్రాయుటయే వృత్తిగా గల తెలుగువారు అనేకులు. బడి పట్టీలు, రేషను కార్డులు, బ్యాంకు లెక్కలు నేడు ప్రోగ్రాములనే ఆశ్రయించియున్నవి. అందు పేరు విరిగినచో, ఆ పేరుగల మనిషి తాను తానేయని కార్యాలయముల చుట్టు తిరిగి నిరూపించుకొనవలసివచ్చును. కావున తెలుగు పేరును చెడకుండ కాపాడు కొన్ని సూత్రములు మారికుప్పము పేరే ఉదాహరణముగా ఇందు వివరింపబడుచున్నవి.

“మారికుప్పం” చదువరికి నాలుగక్షరములు: మా, రి, కు, ప్పం. కంప్యూటరునకు పది. యూనికోడు తెలుగునకు 3072 మొదలు 3199 వఱకు గల సంఖ్యలను కేటాయించినది. మ 3118, దీర్ఘము 3134, ర 3120, గుడి 3135, క 3093, కొమ్ము 3137, ప 3114, పొల్లు 3149, మరల ప 3114, సున్న 3074. పైథానులో “లెన్” అని యడిగినచో పది యనియే బదులు వచ్చును. యు.టి.ఎఫ్. 8 పద్ధతిని దాచునపుడు ఒక్కొక్క సంకేతమునకు మూడు బైట్లు పట్టును, మొత్తము 30.

మొదటి సూత్రము పొడవునకు సంబంధించినది. ఒరాకిలు డేటాబేసున సంఖ్యను మాత్రమే చెప్పి మానమును చెప్పనిచో, పొడవు సాధారణముగా బైట్లలో గ్రహింపబడును. 20 అని వ్రాసిన గడిలో ఈ పేరు పట్టదు. ప్రోగ్రాము దానిని 20 బైట్లకు కత్తిరించినచో “మారికు” మాత్రము మిగిలి, వెనుక రెండు బైట్ల శిథిలము నిలుచును. ఎనిమిది సంకేతములకు కత్తిరించినచో “మారికుప్” అగును. కత్తిరింపక తప్పనిచో అక్షరపు హద్దునందే కత్తిరింపవలెను. జావాస్క్రిప్టునందలి “ఇంట్ల్ సెగ్మెంటరు” ఈ పనికి ఉద్దేశింపబడినది. హల్లు, పొల్లు, హల్లు కలిసిన సంయుక్తాక్షరము తెలుగున ఒక్కటియే యను నియమము 2023 నాటి యూనికోడు 15.1 కూర్పున చేరినది. ఆ నియమము లేని లైబ్రరీలు “ప్”, “పం” అని విడదీసి ఐదు లెక్కించును.

రెండవది వెదకుటను గూర్చినది. పూర్వము కోలారు జిల్లాలో నుండి 2007లో చిక్కబళ్ళాపురము జిల్లాకు చేరిన కైవారము పేరు చూడుడు. అందలి ఐత్వమును 3144 అను ఒక్క సంకేతముగా వ్రాయవచ్చును. 3142, 3158 అను రెండింటిగాను వ్రాయవచ్చును. కంటికి భేదము లేదు, యంత్రమునకు కలదు. దాచుటకు ముందే “ఎన్.ఎఫ్.సి.” రూపమునకు మార్చినచో రెండును ఒక్కటియగును. పైథానులో “యూనికోడ్‌డేటా”యందలి “నార్మలైజ్” ఆ పని చేయును. ఇక “సాఫ్ట్‌వేర్” వంటి మాటలలో వకారము వత్తుగా మారకుండ 8204 అను కనబడని సంకేతము నిలుపుదురు. దానిని మూలమునందు తొలగింపరాదు. వెదకుటకై చేసికొన్న ప్రతినుండి మాత్రము తొలగింపవలెను.

మూడవది ఈ జిల్లాకు మిక్కిలి ఉపయోగకరము. ఇచ్చట ఒకే పేరు తెలుగునను కన్నడమునను వ్రాయవలసివచ్చును. భారతీయ లిపులకెల్ల ఒకే క్రమమును కూర్చిన ఇస్కీ ప్రమాణము యొక్క 1988 నాటి రూపమును యూనికోడు అనుసరించినది. అందువలన తెలుగు మకారము 3118 కాగా కన్నడ మకారము 3246, భేదము 128. కావున ప్రోగ్రాము మిక్కిలి చిన్నది: ప్రతి సంకేతమును తీసికొనుము, అది 3072, 3199 నడుమ నున్నచో 128 కూడుము, లేనిచో అట్లే యుంచుము. మారికుప్పమునందలి పది సంకేతములును ఇట్లు కన్నడ లిపికి మారును. ౘ, ౙ లకు మాత్రము కన్నడమున ఆ స్థానములు శూన్యములు. వానిని ముందుగా చ, జ లుగా మార్చుకొనవలెను.

వచ్చిన ఫలితమును కన్నడమెఱిగినవారు ఒకసారి చదివి సరిచూచుట మేలు. ఏ మార్పు చేసినను, ఇంటివారు వ్రాసియిచ్చిన తెలుగు రూపమును వేఱుగ, చెక్కుచెదరకుండ దాచవలెను. ప్రోగ్రామును విడుదల చేయుటకు ముందు మారికుప్పం, కైవారం, సాఫ్ట్‌వేర్ అను మూడు మాటలను దాచి, వెదకి, అచ్చువేసి చూచినచో పైన చెప్పిన లోపములలో పెక్కింటిని అప్పుడే పట్టుకొనవచ్చును.