తన డీఎన్ఏని తానే కత్తిరించుకునే ఏకకణ జీవి

మంచినీటి చెరువుల్లో టెట్రాహైమెనా అనే ఓ ఏకకణ జీవి బతుకుతుంది. ఉన్నది ఒక్క కణమే అయినా, అందులో కేంద్రకాలు మాత్రం రెండు. చిన్న కేంద్రకంలో మొత్తం డీఎన్ఏ భద్రంగా ఉంటుంది. పిల్ల కణాలకు వారసత్వంగా వెళ్లేది అదే. తిండి, ఎదుగుదల లాంటి రోజువారీ పనులన్నీ పెద్ద కేంద్రకం చూసుకుంటుంది. ఇంటి అసలు దస్తావేజు బీరువాలో పెట్టి, ఆఫీసులకు జిరాక్స్ పట్టుకెళ్లినట్టన్నమాట.

అయితే ఈ జిరాక్స్‌లో అన్ని పేజీలూ ఉండవు. రెండు కణాలు జతకట్టాక కొత్త పెద్ద కేంద్రకం తయారవుతుంది. అప్పుడు సుమారు 12,000 ముక్కలను కత్తిరించి పారేస్తుంది. అంటే మొత్తం డీఎన్ఏలో దాదాపు మూడో వంతు పోతుంది. పోయేవాటిలో చాలావరకు ఒకచోటి నుంచి ఇంకోచోటికి దూకి జన్యువులను పాడుచేయగల 'జంపింగ్ జీన్స్', వాటి అవశేషాలే.

మరి ఏది ఉంచాలో, ఏది తీసేయాలో కణానికి ఎలా తెలుస్తుంది? పాత కేంద్రకాన్ని చూసి తెలుసుకుంటుంది. ముందుగా చిన్న కేంద్రకం నుంచి పొట్టి ఆర్ఎన్ఏలు తయారై, పాత పెద్ద కేంద్రకంలోకి వెళ్తాయి. అక్కడి డీఎన్ఏతో సరిపోలినవి పక్కకు తప్పుకుంటాయి. జోడీ దొరకనివి కొత్త కేంద్రకంలోకి వెళ్లి, తమతో సరిపోలే ముక్కలకు 'ఇది తీసేయాలి' అని గుర్తు పెడతాయి. పాతదాంట్లో లేనిది కొత్తదాంట్లోనూ ఉండకూడదు, అంతే లెక్క. ఆ పని అయ్యాక పాత కేంద్రకం నశిస్తుంది.

2002లో కజుఫుమి మోచిజుకి, మార్టిన్ గొరోవ్‌స్కీ బృందం ఈ ఆర్ఎన్ఏల పాత్రను బయటపెట్టింది. వాటికి తోడుండే ఒక ప్రొటీన్ లేకుండా చేస్తే ముక్కలు సరిగా తొలగలేదు, పిల్ల కణాలు బతకలేదు.

ఇంకో విశేషం, ఆ ముక్కలను కోసే ఎంజైమ్ కూడా ఒకప్పటి జంపింగ్ జీన్ నుంచి వచ్చిందే. దొంగకే తాళాలిచ్చి కాపలా పెట్టినట్టు!

ఇలాంటి కత్తిరింపు మన ఒంట్లోనూ ఉంది. రోగాలతో పోరాడే బి, టి కణాలు ఎదిగేటప్పుడు 'ర్యాగ్' అనే ప్రొటీన్లు డీఎన్ఏని కోస్తాయి, ఆ ముక్కలు కొత్త వరుసలో అతుక్కుంటాయి. అందుకే రకరకాల క్రిములను గుర్తుపట్టే శక్తి వస్తుంది. ఈ ర్యాగ్ జన్యువులు పూర్తిగా పనిచేయకుండా పుట్టిన పసిపిల్లలకు మామూలు ఇన్ఫెక్షన్ కూడా ప్రాణాంతకం కావచ్చు. డీఎన్ఏని దాచుకోవడం ఎంత ముఖ్యమో, సరైన చోట కోయడమూ ప్రాణానికి అంతే ముఖ్యం.