అప్‌డేట్ అడుగుతున్నది ఎవరు?

‘మీ ఫోన్‌లో 13 వైరస్‌లు ఉన్నాయి. రెండు నిమిషాల్లో బ్రౌజర్ అప్‌డేట్ చేయకపోతే సిమ్ పాడైపోతుంది’. సింగపూర్‌లో మనవాళ్లుండే ఏ డార్మిటరీ గదిలో చూసినా ఒకరిద్దరి ఫోన్లలో ఈ మాట కనబడుతూనే ఉంటుంది. కింద ఎర్ర బటన్, పైన గూగుల్ బొమ్మలాంటి బొమ్మ, వెనక్కి లెక్కపెట్టే గడియారం. మూసేస్తే మళ్లీ వస్తుంది. ఇంటికి వీడియో కాల్ చేస్తుంటే వస్తుంది, అన్నం తింటుంటే వస్తుంది. చివరికి విసుగొచ్చి ఏదో ఒకటి నొక్కేస్తాం. వాడికి కావలసిందీ అదే.

ఒకప్పుడైతే ఫోన్ పాడైతే పాటలు పోయేవి, ఫొటోలు పోయేవి. ఇప్పుడట్లా లేదు. 2020లో కోవిడ్ వచ్చాక డార్మిటరీల్లో ఉండేవాళ్లకి జీతం చేతికివ్వడం పోయి బ్యాంకు ఖాతాలోనే పడుతోంది. ఆ బ్యాంకు యాప్, ఇంటికి డబ్బు పంపే యాప్, సింగ్‌పాస్, పాస్‌పోర్టు ఫొటో, ఓటీపీ వచ్చే నంబరు అన్నీ ఆ ఒక్క ఫోన్‌లోనే. ఏజెంటుకి కట్టడానికి ఊళ్లో వడ్డీకి తెచ్చుకొని వచ్చిన కుర్రాడికి ఖాతాలో ఉన్న రెండు నెలల జీతం అంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు.

ఒక్క ‘అలవ్’తో వచ్చిన తంటా

ఆమధ్య మా గదిలోకి కొత్తగా దిగిన జగిత్యాల తమ్ముడొకడు ఫోన్ పట్టుకొచ్చాడు. ‘‘అన్నా, ఫోన్ల వైరస్ వచ్చిందంట. క్రోమ్ అప్‌డేట్ చెయ్యమంటున్నది. చెయ్యాల్నా?’’ అన్నాడు. చూస్తే వైరస్ లేదు, పాడూ లేదు. ఉన్నవన్నీ నోటిఫికేషన్లు.

ఇది ఎట్లా జరుగుతుందంటే, ఫ్రీగా కొత్త సినిమా చూపించే సైటు తెరవగానే ‘మీరు రోబో కాదని నిరూపించాలంటే అలవ్ నొక్కండి’ అని వస్తుంది. రోబో పరీక్షకీ ఆ బటన్‌కీ ఏ సంబంధమూ లేదు. అలవ్ అంటే ‘ఈ సైటు ఎప్పుడు పడితే అప్పుడు నాకు మెసేజీలు పంపుకోవచ్చు’ అని మనం రాసిచ్చినట్టు. ఆ తర్వాత సైటు మూసేసినా మెసేజీలు ఆగవు. పైగా వాటి పక్కన క్రోమ్ గుర్తు ఉంటుంది. దాంతో క్రోమే అడుగుతోందని అనుకుంటాం.

దీన్ని వదిలించుకోవడానికి ఫోన్ షాపుకి పోయి డాలర్లు ఇవ్వక్కర్లేదు. క్రోమ్‌లో పైన కుడిపక్క మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్‌లోకి, అక్కడ్నుంచి సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌లోకి వెళ్తే మనం అలవ్ కొట్టిన సైట్ల పేర్లన్నీ వరసగా ఉంటాయి. ఎప్పుడూ వినని పేర్లు కనిపిస్తాయి. ఒక్కోదాన్నీ నొక్కి ఆపేయడమే. ఇక ఏ సైటూ అడగకూడదనుకుంటే పైనున్న స్విచ్చే ఆపేయొచ్చు. అదే సైట్ సెట్టింగ్స్‌లో పాప్-అప్స్ అండ్ రీడైరెక్ట్స్ అని ఇంకోటుంది, అదీ బ్లాక్‌లో ఉందో లేదో చూసుకోవాలి. జగిత్యాల తమ్ముడి ఫోన్‌లో పద్నాలుగు సైట్లు తేలాయి. తీసేశాక ఆ రాత్రి నుంచి ఒక్క మెసేజీ లేదు.

సినిమా సైట్ల సంగతి ఎత్తుకున్నాం కాబట్టి ఐబొమ్మ మాటా చెప్పుకోవాలి. గల్ఫ్‌లోనూ ఇక్కడా మనవాళ్లలో ఆ పేరు తెలియనివాళ్లు తక్కువ. దాన్ని నడిపాడంటూ 2025 నవంబరులో హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు ఒకర్ని అరెస్టు చేశారు. సినిమా చూడ్డానికి వచ్చినవాళ్ల వివరాలు పోగుచేశాడని, వాళ్లని బెట్టింగ్ యాప్‌ల వైపు మళ్లించాడని పోలీసుల ఆరోపణ. అది కోర్టులో తేలాల్సిన విషయం. కానీ టిక్కెట్టు డబ్బులు తీసుకోకుండా సినిమా వేస్తున్నవాడు ఎక్కడో ఒకచోట రాబట్టుకుంటాడని మనకూ తెలుసు కదా.

ఐదు డాలర్ల అడ్వాన్సు

నోటిఫికేషన్ విసుగే కాని దానంతట అది డబ్బు లాక్కోలేదు. అది నొక్కితే దిగే యాప్‌తోనే అసలు ప్రమాదం. 2023లో సింగపూర్ దీన్ని బాగా చూసింది. ఆ ఒక్క ఏడాదే ఆండ్రాయిడ్ ఫోన్లలో దొంగ యాప్ ఎక్కించి డబ్బు కొట్టేసిన కేసులు దాదాపు 1,900. పోయిన సొమ్ము కనీసం 3 కోట్ల 41 లక్షల డాలర్లు. దాని నడక దాదాపు ఒకే తీరు. ఫేస్‌బుక్‌లో ఇల్లు శుభ్రం చేస్తామనో, చేపలు చౌకగా ఇస్తామనో ప్రకటన. అడిగితే వాట్సాప్‌లో మాట్లాడతారు, లింకు పంపి ‘మా యాప్ దించుకుని ఐదు డాలర్ల అడ్వాన్సు కట్టండి’ అంటారు.

ఆ యాప్ ప్లే స్టోర్‌లోది కాదు, ఏపీకే ఫైలు. ఎక్కగానే ‘యాక్సెసిబిలిటీ’ అనుమతి అడుగుతుంది. చూపు సరిగా లేనివాళ్లకి ఫోన్ చదివి వినిపించడంలాంటి సాయం కోసం పెట్టిన సౌకర్యం అది. ఆ అనుమతి ఇస్తే యాప్ మన తెర మీద ఉన్నది చదవగలదు, మన వేలు బదులు తనే నొక్కగలదు. పాస్‌వర్డ్ కొడుతుంటే చూస్తుంది, ఓటీపీ వస్తే తీసుకుంటుంది. కొన్ని కేసుల్లో డబ్బు తీసేశాక దొంగలు దూరం నుంచే ఫోన్ మొత్తం చెరిపేశారు. ఫోన్ ఆగి కొత్తదానిలా లేచేసరికి యజమాని ‘ఏదో అప్‌డేట్ అయిందిలే’ అనుకున్నా ఆశ్చర్యం లేదు. అప్పటికి ఖాతా ఖాళీ.

ఆ ఆగస్టులోనే ఓసీబీసీ బ్యాంకు తన యాప్‌కి కొత్త కాపలా పెట్టింది. స్టోర్ బయట నుంచి దించిన యాప్ ఫోన్‌లో ఉండి, దానికి ప్రమాదకరమైన అనుమతులుంటే బ్యాంకు యాప్ తెరుచుకోదు. తర్వాత మిగతా పెద్ద బ్యాంకులూ అదే దారి పట్టాయి. జనం గోల పెట్టారు, ‘నా ఫోన్‌లో ఏముంటే నీకెందుకు’ అని. 2024 ఫిబ్రవరిలో సింగపూర్ సైబర్ సెక్యూరిటీ ఏజెన్సీతో కలిసి గూగుల్ కూడా అట్లాంటి యాప్‌లని దించేటప్పుడే అడ్డుకునే ఏర్పాటు చేసింది.

మనవాళ్లకి ఇది ఎక్కడ తగిలిందంటే జీబీ వాట్సాప్ దగ్గర, సినిమా యాప్‌ల దగ్గర. జీతం పడ్డ రోజు ఇంటికి పంపుదామంటే బ్యాంకు యాప్ మొరాయిస్తుంది. ఏం చెయ్యాలో దాని హెచ్చరికలోనే ఉంటుంది. అది పేరు చెప్పిన యాప్ తీసేస్తే సరి. నన్నడిగితే బ్యాంకు చేసింది మంచిదే. సినిమా యాప్ లేకపోతే ఆదివారం తోచదు, అంతే. ఖాతా ఖాళీ అయితే ఇంట్లో ఏం చెప్తాం?

అట్లాగని అన్నీ ఆపేస్తే?

ఈ బాధ పడలేక అప్‌డేట్లన్నీ కట్టేసినవాళ్లున్నారు. వాళ్ల కోపం నాకర్థమవుతుంది. నిన్నటిదాకా ఉన్న బటన్ ఇవాళ ఉండదు, నంబర్లు గుర్తుపెట్టుకుని నొక్కేవాళ్లకి తెర మారితే కళ్లు కట్టేసినట్టే. కానీ 2017 మే నెలలో వన్నాక్రై వచ్చినప్పుడు దెబ్బతిన్నవి అప్‌డేట్ వేయని కంప్యూటర్లే. దానికి విరుగుడు మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు చిక్కుకున్నాయి. ఇక్కడ తియోంగ్ బారు ప్లాజాలో షాపుల దారి చూపే తెర మీద కూడా డబ్బు కట్టమనే నోటీసు ప్రత్యక్షమైంది.

నిజమైన అప్‌డేట్ కూడా ఒక్కోసారి కొంప ముంచుతుంది, అదీ ఒప్పుకోవాలి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన తప్పు అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడకేశాయి. చాంగీలో కొన్ని విమానాలకి సిబ్బంది చేత్తో చెక్-ఇన్ చేశారు. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ప్రయాణికుడికి పెన్నుతో రాసిచ్చిన ఇండిగో బోర్డింగ్ పాస్ ఫొటో ఆరోజు అందరి ఫోన్లలోనూ తిరిగింది. అయినా అట్లాంటి రోజు ఎప్పుడో ఒకసారి. దొంగ లింకు మాత్రం రోజూ వస్తుంది.

కాబట్టి చూడాల్సింది అప్‌డేట్ అడుగుతున్నది ఎవరని. వెబ్ పేజీ అడిగితే అది అప్‌డేట్ కాదు, ఎంత ముద్దుగా అడిగినా సరే. ఆండ్రాయిడ్‌లో క్రోమ్ అయినా, బ్యాంకు యాప్ అయినా ప్లే స్టోర్ నుంచే మారుతుంది. ఫోన్ సాఫ్ట్‌వేర్ అయితే సెట్టింగ్స్‌లోంచి. ఐఫోన్‌కైతే యాప్ స్టోర్, సెట్టింగ్స్. మెసేజీ నిజమో అబద్ధమో అనుమానం వస్తే దాన్ని ముట్టుకోకుండా మనమే ప్లే స్టోర్ తెరిచి చూసుకోవాలి. నిజంగా అప్‌డేట్ ఉంటే అక్కడ ఉంటుంది.

డేటా అయిపోతుందనేది ఇంకో బాధ. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ఆటో అప్‌డేట్ వైఫైలోనే జరిగేట్టు పెట్టుకుంటే, రాత్రి చార్జింగ్‌లో ఉన్నప్పుడు తన పని తను చేసుకుంటుంది. స్థలం చాలడం లేదంటే ముందు ఊరి గ్రూపులో వచ్చిన గుడ్ మార్నింగ్ వీడియోలు తీసేయండి.

టెక్కాలో సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేవాళ్లు కెమెరా ఒక్కటే చూసి కొనొద్దు. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ ఉంటుంది. అది మూడు నాలుగేళ్ల కిందటిదైతే, కొత్తది రాకపోతే, బ్యాంకు యాప్ ఇవాళ కాకపోతే రేపు ఆగిపోతుంది. 2020లో ఎస్‌జీ వర్క్‌పాస్ యాప్‌లో యాక్సెస్‌కోడ్ ఆకుపచ్చగా ఉంటేనే సైటుకి పోనిచ్చిన రోజులు చూసినవాళ్లకి పాత ఫోన్ కష్టమేంటో తెలుసు.

సైటు ఆఫీసులో పనిచేసేవాళ్లకి రెండు మాటలు. పొద్దున్నే పర్మిట్ టు వర్క్ ప్రింట్ తీసే టైముకి ల్యాప్‌టాప్ రీస్టార్ట్ అయితే క్రేన్ ఆగుతుంది, కింద పదిమంది నిలబడతారు. విండోస్ అప్‌డేట్ సెట్టింగ్స్‌లో యాక్టివ్ అవర్స్ పెడితే ఆ గంటల్లో దానంతట అది రీస్టార్ట్ కాదు. స్లాబ్ వేసే వారంలాంటివి ఉంటే కొన్నాళ్లు పాజ్ కూడా చేయొచ్చు. విండోస్ 10కి మామూలు ఉచిత అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి, ఇంకా దాంతోనే నెట్టుకొస్తుంటే ఆఫీసులో చెప్పండి.

ఇప్పటికే ఏపీకే దించి అనుమతులన్నీ ఇచ్చేసినవాళ్లు ఫోన్‌ని వెంటనే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై ఆపేయాలి. పక్కవాళ్ల ఫోన్‌తో బ్యాంకుకి చేసి ఖాతా ఆపమనాలి. 1799కి ఎప్పుడైనా అడగొచ్చు. ఆ తర్వాత పోలీసు ఫిర్యాదు. సిగ్గుపడి రెండు రోజులు దాచుకుంటే డబ్బు చేతులు మారిపోతుంది.

ఇంట్లోవాళ్లకీ ఈ సంగతి చెప్పండి. అక్కడ ఇదే సరుకు వాట్సాప్‌లో పీఎం కిసాన్ పేరుతో, ఆర్టీవో చలానా పేరుతో, పెళ్లి శుభలేఖ పేరుతో తిరుగుతోంది. మనం ఇక్కడ్నుంచి పంపిన డబ్బు పడేది ఆ ఫోన్‌లోనే. శుభలేఖ చివర ఏపీకే అని ఉంటే తెరవొద్దనండి. ఒకవేళ డబ్బు పోతే వెంటనే చేయాల్సిన నంబరు 1930. రాసి గోడకి అంటించమనండి.