రహీం సాహెబు: మైదానపు ఉపాధ్యాయుడు

రాయచూరు జిల్లాలోని మల్లట్ మొదలగు గ్రామములు నేడు కర్ణాటకమున నున్నను, 1956 నవంబరు 1వ తేదీకి పూర్వము అవియు హైదరాబాదు రాష్ట్రములోనివే. కావున ఆ రాష్ట్రపు పేరును ఫుట్‌బాల్ లోకమున మారుమ్రోగించిన సయ్యద్ అబ్దుల్ రహీం భాగ్యనగరవాసులకు ఎంతటి ఆత్మీయుడో, ఈ సీమలోని తెలుగువారికిని అంతటి ఆత్మీయుడే.

1909లో హైదరాబాదున జన్మించిన రహీం యౌవనమున ఆటగాడు, వృత్తిచే ఉపాధ్యాయుడు. ఆటగాడుగా ఆర్జించిన కీర్తికంటె శిక్షకుడుగా ఆయన ఆర్జించినది అనేక రెట్లు అధికము. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలుచుకొనెను.

ఈ విజయములకు మూలము ఆయన బోధనాపద్ధతియే. కుడికాలితో మాత్రమే బంతిని తన్ననేర్చినవాడు, ఎదిరి ఆ ప్రక్కకు వచ్చి అడ్డగింపగనే నిరుపాయుడగును. ఈ లోపమును తొలగించుటకై రహీం, వాటము లేని కాలితోనే ఆడవలెనను నియమముతో పోటీలు పెట్టెను. బంతిని తానొక్కడే నడిపించుకొని పోరాదను నియమముతో పెట్టిన పోటీలలో, తోడివాడు ఎచట నున్నాడో చూచి తక్షణమే బంతిని అందించుట ఆటగాండ్రకు స్వభావమయ్యెను.

1951లో ఢిల్లీయందు జరిగిన ప్రథమ ఆసియా క్రీడలలో ఆయన శిక్షణలోని భారతజట్టు స్వర్ణపతకము గెలిచెను. మరుసటి ఏట హెల్సింకి ఒలింపిక్సులో, పలువురు బూట్లు లేకయే ఆడిన మన జట్టు యుగోస్లావియా చేతిలో 10–1 గోలులతో ఓడిపోయెను. ఆ పరాభవమును పాఠముగా గ్రహించి, నాలుగేండ్లకే మెల్బోర్నున ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి, ఒలింపిక్ ఫుట్‌బాలున సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా జట్టుగా మనవారు నాలుగవ స్థానమున నిలిచిరి. తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్ వంటివారు ఆ కాలమున ఆయన శిక్షణలో రాణించినవారే.

1962లో జకార్తా ఆసియా క్రీడలనాటికి రహీం కేన్సరు వ్యాధిగ్రస్తుడు. మొదటి ఆటలో దక్షిణ కొరియాతో 2–0తో ఓటమి. తరువాతి ఆటలో వెనుకవరుస రక్షకుడు జర్నైల్ సింగ్ తలకు గాయము. క్రీడల రాజకీయవివాదముచే అలిగిన ప్రేక్షకులు మనవారికి ప్రతికూలురు. ఇట్టి స్థితిలో రహీం, జర్నైల్ పూర్వము ముందువరుసలో ఆడినవాడని గుర్తించి, తలకట్టుతోనే అతనిని సెంటర్ ఫార్వర్డుగా నిలిపెను. ఫైనలులో అదే కొరియాపై పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒక గోలు చేయగా భారతము 2–1తో గెలిచెను. తమ ఆటగాండ్ర శక్తిని ఎరిగి, ఆపదవేళ దానిని తగినచోట వినియోగింపగల గురువులు అరుదు.

1963 జూన్ మాసమున ఆయన పరమపదించెను. అరువదేండ్ల పిమ్మట, 2024లో, ఆయన జీవితమాధారముగా ‘మైదాన్’ అను హిందీ చలనచిత్రము వెలువడి, ఆ పేరును ఎరుగని తరమునకు పరిచయము చేసెను. అయినను ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణపతకము జకార్తా పిమ్మట మనకు మరల దక్కలేదు. దానిని కోరువారు మొదట పల్లెపల్లెన బడిపిల్లలకు ఒక ఆటస్థలమును, ఓర్పుతో నేర్పు ఒక ఉపాధ్యాయుని సమకూర్పవలయును.